ముప్పై సెకన్లలో తాళం తెరుచుకుంటుందా?

సినిమాలో ఈ ఘట్టం మీరు చాలాసార్లు చూసే ఉంటారు. బాంబు పేలడానికి ఇంకా ముప్పై సెకన్లే ఉంది. కళ్లజోడు కుర్రవాడొకడు కంప్యూటరు ముందు కూర్చుని మీటలు టకటకా నొక్కేస్తుంటాడు. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వానలా కురుస్తుంటాయి. ఒక మూల రహస్య సంఖ్య తాలూకు గళ్లు గిర్రున తిరుగుతుంటాయి. మొదటి గడిలో 7 వచ్చి ఆగుతుంది. రెండో గడిలో 3 ఆగుతుంది. చివరి గడి సరిగ్గా ఒక్క సెకను మిగిలి ఉండగా ఆగుతుంది. హాల్లో ఈలలు!

ఈలలు వేయడంలో తప్పేమీ లేదు. కాని ఇంటికి వచ్చాక ఒక చిన్న లెక్క చేసి చూద్దాం.

మీది మల్యాల అయినా, కోరుట్ల అయినా, సిరిసిల్ల అయినా గల్ఫ్ నుంచి వచ్చిన సూట్‌కేసు ఒకటి మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉండే ఉంటుంది. దానికి మూడు చిన్న చక్రాల తాళం ఉంటుంది. ఒక్కో చక్రం మీద 0 నుంచి 9 దాకా అంకెలు. సంఖ్య మరిచిపోయారనుకోండి. 000 నుంచి 999 దాకా మొత్తం 1000 సంఖ్యలు. ఒక్కోటి ప్రయత్నించడానికి మూడు సెకన్లు పట్టినా, అన్నీ చూడటానికి 3000 సెకన్లు, అంటే యాభై నిమిషాలు చాలు.

ఇప్పుడు ఆ తాళం కొంచెం నాసిరకందే అనుకుందాం. ఒక చక్రం సరైన అంకె దగ్గరికి రాగానే చేతికి చిన్న తేడా తెలుస్తుంది. అప్పుడు మూడు చక్రాలనూ విడివిడిగా చూసుకోవచ్చు. మొదటిదానికి ఎక్కువలో ఎక్కువ 10 ప్రయత్నాలు, రెండోదానికి 10, మూడోదానికి 10. మొత్తం 30. వెయ్యి ఎక్కడ, ముప్పై ఎక్కడ! గుణించవలసిన చోట కూడితే సరిపోయింది.

సినిమాలో గళ్లు ఒక్కొక్కటే ఆగడంలోని కిటుకు ఇదే. పాత సినిమాల్లో ఇనప్పెట్టె దొంగ తలుపుకు చెవి ఆనించి, చక్రం తిప్పుతూ లోపలి చప్పుడు వినేవాడు. ఆ దొంగనే తెచ్చి కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు, అంతే.

కాని కంప్యూటరు ఇనప్పెట్టెలా చప్పుడు చేయదు. నాలుగు అంకెల సంఖ్యలో మూడు సరిగ్గా కొట్టి ఒకటి తప్పు కొట్టారనుకోండి. "మూడు కుదిరాయి, ఇంకొకటి చూడు" అని చెప్పదు. "తప్పు" అంటుంది. నాలుగూ తప్పయినా అదే మాట. కాబట్టి ఇక్కడ కూడిక పనికిరాదు, గుణకారమే. నాలుగు అంకెలకు 10,000 సంఖ్యలు. పది అంకెలకైతే 1000 కోట్లు. పైగా బ్యాంకు ఏటీఎంలో కొన్నిసార్లు వరుసగా తప్పు కొడితే కార్డే పనిచేయడం మానేస్తుంది. ఆ కుర్రవాడి వేళ్లు ఎంత వేగంగా కదిలితే అంత త్వరగా బయటికి నెట్టబడతాడన్నమాట!

వేళ్ల వేగానికి విలువ లేదు గాని యంత్రం వేగానికి ఉంది. ఇంగ్లీషు చిన్న అక్షరాలు ఎనిమిదింటితో తయారయ్యే పాస్‌వర్డులు 20,882 కోట్ల పైచిలుకు. సెకనుకు వెయ్యి చొప్పున ప్రయత్నించినా అన్నీ చూడటానికి ఆరున్నర ఏళ్లు దాటుతుంది. అయితే పాస్‌వర్డుల పట్టిక మొత్తం దొంగ చేతికి చిక్కితే కథ మారుతుంది. ఆ పట్టికలో పాస్‌వర్డులు ఉన్నవి ఉన్నట్టు ఉండవు. రోట్లో నూరిన పచ్చడిలా మార్చి ఉంచుతారు. పచ్చడిని తిరిగి మిరపకాయలుగా చేయలేం. కాని దొంగ తన యంత్రంలో ఒక్కో మాటనూ అలాగే నూరి, రెండు పచ్చళ్లూ ఒకటేనా అని పోల్చి చూడగలడు. అక్కడ "ఇక చాలు, బయటికి పో" అనేవాళ్లుండరు. నూరే పద్ధతి మరీ తేలికదైతే సెకనుకు 1000 కోట్లు చూడగల యంత్రాలున్నాయి. ఆరున్నర ఏళ్ల పని 21 సెకన్లలో ముగుస్తుంది. అంటే ముప్పై సెకన్ల ముచ్చట పూర్తిగా అబద్ధం కాదు. కాకపోతే దానికి ముందు పట్టికను సంపాదించాలి. ఆ పని ముప్పై సెకన్లలో కాదు.

మరో మాయ కూడా సినిమాల్లో తరచు కనిపిస్తుంది. వీధి కెమెరా బొమ్మను పెద్దది చేస్తూ పోతే కారు నంబరు స్పష్టంగా వచ్చేస్తుంది. బొమ్మ అంటే రంగు చుక్కల గళ్లు. నంబరు పలక మొత్తానికి అడ్డంగా 20 గళ్లే దక్కాయనుకోండి. పలక మీద అక్షరాలు, అంకెలు కలిపి పది. ఒక్కోదానికి వచ్చింది రెండు గళ్లు. రెండు గళ్లలో 8 ఏదో 3 ఏదో గీసి చూడండి! ఇప్పటి సాఫ్ట్‌వేరు ఆ ఖాళీలను నింపి చక్కని బొమ్మ ఇస్తుంది గాని, అది ఊహించి నింపిందే తప్ప కెమెరా చూసింది కాదు.

ఇలా ఎందుకు తీస్తారు? నిజమైన పనిలో చూడటానికి ఏమీ ఉండదు కనుక. ఒక మనిషి గంటల తరబడి కూర్చుని చదువుతుంటే ఎవరు టిక్కెట్టు కొంటారు? అయినా శ్రద్ధ పెట్టినవారు లేకపోలేదు. 1983లో వచ్చిన అమెరికా చిత్రం 'వార్ గేమ్స్'లో బడి కుర్రవాడు బడి కంప్యూటరు పాస్‌వర్డును లెక్కలు కట్టి కనుక్కోడు. ఆఫీసు బల్లలో కాగితం మీద రాసి ఉంటే చూసుకుంటాడు. ఎంత నిజం! ఆ సినిమా చూసిన అధ్యక్షుడు రీగన్ "ఇలా జరగగలదా?" అని తన సేనానులను అడిగాడు. జరగగలదని జవాబు వచ్చింది. 1984లో కంప్యూటర్ల భద్రతపై ప్రభుత్వ ఆదేశమే వెలువడింది. 1996 నాటి 'మిషన్ ఇంపాసిబుల్'లో నాయకుడు తీగకు వేలాడుతూ గదిలోకి దిగడం చూసి మనం నవ్వుకుంటాం గాని, అందులోని తర్కం సరైనదే. ఆ కంప్యూటరుకు బయటి ప్రపంచంతో సంబంధం లేదు. అలాంటిదాన్ని చేరాలంటే ఆ గదిలోకి వెళ్లవలసిందే. తెలుగులో 'అభిమన్యుడు'గా వచ్చిన 2018 నాటి తమిళ చిత్రంలోనూ హంగులు ఎక్కువే. కాని మన వివరాలు మనకు తెలియకుండా చేతులు మారి, ఖాతాలోని సొమ్ము మాయం కావడాన్ని అది కథకు కేంద్రంగా పెట్టుకుంది.

సినిమావారికే జరిగిన దొంగతనం ఒకటుంది. 2013లో 'అత్తారింటికి దారేది' విడుదలకు కొద్దిరోజుల ముందే సుమారు గంటన్నర భాగం ఇంటర్నెట్టులోకి వచ్చేసింది. ఆకుపచ్చ అక్షరాల వాన ఏమీ కురవలేదు. లోపలి మనిషి ఒకరు తీసిన నకలు స్నేహితుల చేతులు మారుతూ కృష్ణా జిల్లా పెడనలోని దుకాణం దాకా చేరిందని పోలీసులు తేల్చారు.

ఇక అసలైన బ్యాంకు దోపిడీ చూడండి. 2022 జనవరిలో హైదరాబాదులోని మహేష్ సహకార బ్యాంకు నుంచి పన్నెండు కోట్ల పైచిలుకు రూపాయలు పోయాయి. పోలీసుల దర్యాప్తులో బయటపడిన కథ ఇది. దొంగలు అంతకు రెండు నెలల ముందే, 2021 నవంబరులో, బ్యాంకు ఉద్యోగులకు రెండు వందలకు పైగా ఈమెయిళ్లు పంపారు. చూడటానికి మామూలు ఉత్తరాలే. ఇద్దరు ఉద్యోగులు తెరిచారు. దానితో దూరం నుంచి ఆ కంప్యూటర్లను నడిపించగల దొంగ ప్రోగ్రాము లోపల చేరింది. ఆ తర్వాత దొంగలు తొందరపడలేదు. ఎవరు ఏ మీట నొక్కుతున్నారో, ఎవరికి ఏ అధికారం ఉందో గమనిస్తూ వారాల తరబడి కాచుకున్నారు. ఒక వారాంతంలో సొమ్మును ముందుగా సిద్ధం చేసుకున్న కొద్ది ఖాతాల్లోకి, అక్కడినుంచి వందకు పైగా ఖాతాల్లోకి, వాటినుంచి మరికొన్ని వందల ఖాతాల్లోకి మళ్లించారు. పాస్‌వర్డు ముందు కూర్చుని ఎవరూ లెక్కలు కట్టలేదు. తలుపు లోపలివారే తీశారు, తీస్తున్నామని తెలియక.

మీ ఇంటి ఫోనుకు వచ్చే దొంగ కూడా ఈ జాతివాడే. మీ నాన్నగారి ఖాతాను బద్దలుకొట్టడు. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, మీ ఫోనుకు వచ్చిన ఆరంకెల సంఖ్య చెప్పండి" అని మర్యాదగా అడుగుతాడు. ఆరంకెలంటే పది లక్షల సంఖ్యలు. ఊహించడం కంటే అడగడం ఎంత సులువో చూశారా! ఇలా సొమ్ము పోతే 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయమనడానికి కారణం బ్యాంకు కథలోనే ఉంది. మొదటి ఖాతాలో ఉండగా సొమ్మును ఆపడం తేలిక. వందల ఖాతాల్లోకి చీలిపోయాక కష్టం.

ఇంతకీ ఫోనుకు అవతల ఎవరుంటారు? సినిమాలోలా గాజుగోడల మేడలో నవ్వుతూ కూర్చునే మేధావి అనుకోకండి. కంబోడియా, మయన్మార్ దేశాల్లో మోసాల కోసమే నడిచే ఆవరణలున్నాయి. కంప్యూటరు ఉద్యోగమని ఆశపెట్టి కుర్రవాళ్లను పిలిపించి, పాస్‌పోర్టులు లాక్కుని, బెదిరించి, కొట్టి ఈ పని చేయిస్తారు. అలా నిర్బంధంలో ఉన్నవారు మయన్మార్‌లోనే లక్షా ఇరవై వేలమందికి తక్కువ ఉండరని, కంబోడియాలో సుమారు లక్షమంది ఉండవచ్చని 2023లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం అంచనా కట్టింది. 2024 మార్చి నాటికి కంబోడియా నుంచి సుమారు 250 మంది భారతీయులను విడిపించి తెచ్చినట్టు మన విదేశాంగ శాఖ ప్రకటించింది. సిరిసిల్ల జిల్లా యువకుడు ఒకరు అక్కడ చిక్కుకుపోయిన కేసు ఆ ఏడాదే జిల్లా పోలీసుల ముందుకు వచ్చింది. గల్ఫ్ ప్రయాణాలకు అలవాటుపడిన ప్రాంతం కనుక ఏజెంటు మాట ఇక్కడ త్వరగా నమ్మబుద్ధవుతుంది.

అక్కడ కూర్చున్నవాడికి ప్రోగ్రాములు రాయడం రావలసిన పనిలేదు. ఎవరితో ఏం మాట్లాడాలో ముందే రాసి ఇస్తారు. అవతలి మనిషి అనుమానపడితే ఏమనాలో, ఏడిస్తే ఏమనాలో కూడా అందులోనే ఉంటుంది.