మూత్రపిండంలో గడ్డ - స్కానింగు సాక్ష్యం

కడుపునొప్పికో, పిత్తాశయంలోని రాళ్ళకో పరీక్ష చేయించుకొన్నవారికి స్కానింగులో అనుకోకుండా మూత్రపిండంపై గడ్డ కనబడడం నేడు తరచుగా జరుగుతున్నది. గడ్డ అనగానే రోగికి క్యాన్సరే స్ఫురిస్తుంది. కాని శస్త్రచికిత్సతో తొలగించిన చిన్న గట్టి గడ్డలలో, అనగా 4 సెంటీమీటర్లకు మించని వాటిలో, సుమారు ఐదింట ఒకటి ప్రాణహాని లేనిదేనని తరువాత తేలుతుంది. ఆ కోత అనవసరమైనదన్న మాట! కనుక కత్తి పట్టకముందే గడ్డ స్వభావాన్ని గుర్తించవలసి ఉన్నది.

వీటిలో అధికభాగం నీటితిత్తులే. పలుచని గోడ, లోపల తేటనీరు తప్ప మరేమీ లేని తిత్తి అల్ట్రాసౌండులో స్వచ్ఛమైన నల్లని వలయంగా కనిపిస్తుంది. దానికి చికిత్స అక్కరలేదు. గోడ మందమై, అడ్డుపొరలు ఏర్పడి, వాటికి రక్తప్రసరణ ఉంటే అనుమానించాలి. రేడియాలజిస్టు మోర్టన్ బోస్నియాక్ 1986లో ఈ లక్షణాలనుబట్టి తిత్తులను తరగతులుగా విభజించారు. ఆ వర్గీకరణను 2019లో సవరించారు.

గట్టి గడ్డల సంగతి అంత సులభం కాదు. సి.టి. స్కాను శరీరంలోని ప్రతి పదార్థపు సాంద్రతకూ ఒక అంకె ఇస్తుంది. ఆ యంత్రానికి రూపకల్పన చేసిన హౌన్స్‌ఫీల్డ్ పేరిట వెలసిన ఈ కొలమానంలో నీటి విలువ సున్న, గాలి విలువ మైనస్ 1000. కొవ్వు విలువ సున్నకు దిగువన ఉంటుంది. గడ్డలో మైనస్ 10 కంటె తక్కువ అంకె కనబడితే అక్కడ కొవ్వు ఉన్నట్లు లెక్క. అటువంటి గడ్డ దాదాపు ఎల్లప్పుడూ ఆంజియోమయోలైపోమా అనే నిరపాయకరమైన గడ్డే. పెద్దదైతే రక్తస్రావం కలిగించవచ్చునే గాని అది క్యాన్సర్ కాదు. ఒక్క అంకె రోగి మూత్రపిండాన్ని కాపాడిందన్న మాట. అయితే కొవ్వుతోపాటు సున్నపు మచ్చలు కూడ ఉంటే వైద్యుడు తొందరపడి అభయమీయరాదు. అరుదుగా క్యాన్సర్ కూడ ఆ వేషం ధరిస్తుంది.

అన్నిటికంటె చిక్కు తెచ్చేది ఆంకోసైటోమా. ఇదీ నిరపాయకరమైనదే. కాని ఇందులో కొవ్వు ఉండదు; నరంలోకి ఎక్కించిన కాంట్రాస్ట్ మందును క్యాన్సర్ వలెనే గ్రహించి స్కానులో ప్రకాశిస్తుంది. నడుమ నక్షత్రం వంటి మచ్చ దీని గుర్తని ఒకప్పుడు భావించారు గాని, ఆ మచ్చ క్యాన్సర్లలోనూ కనబడుతుంది. దీని కణాలు మైటోకాండ్రియాతో కిక్కిరిసి ఉంటాయి. గుండె పరీక్షలలో వాడే సెస్టమిబి అనే రేడియోధార్మిక ద్రవ్యం మైటోకాండ్రియాలోనే చేరుతుంది. అందుచేత ఆ ద్రవ్యాన్ని ఎక్కించి స్కాను తీస్తే ఆంకోసైటోమా వెలుగుతుంది. మూత్రపిండ క్యాన్సర్లలో ఎక్కువగా వచ్చే రకం చీకటిగా ఉండిపోతుంది. ఇక్కడా మినహాయింపులున్నాయి. సందేహం తీరనప్పుడు సూదితో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తారు. గడ్డ మరీ చిన్నదై, రోగి వృద్ధుడైతే, కొన్ని నెలలకొకసారి స్కాను తీస్తూ దాని పెరుగుదలను గమనిస్తారు.