ఆఖరి గంట తరువాత

సాయంకాలము ఆఖరి గంట మ్రోగిన పిమ్మట కోనసీమలోని ఏ ఉన్నత పాఠశాల ముంగిట నిలిచినను ఒక దృశ్యము కానవచ్చును. కొందరు బాలురు ఆటస్థలము వైపు పరుగిడుదురు. కొందరు బాలికలు సైకిళ్లెక్కి కాలువగట్టు పట్టుదురు. మరికొందరు ఆకాశము వంక ఒకమారు, రేవు వంక ఒకమారు చూచి పుస్తకములు గబగబ సర్దుకొందురు. వీరు లంకలనుండి వచ్చు పిల్లలు. ఏరు దాటించు పంటు వీరికై ఆగదు.

పాఠశాల జీవితమనగా పాఠములు, పరీక్షలు మాత్రమే కాదు. వక్తృత్వపు పోటీలు, నాటకముల రిహార్సళ్లు, క్విజ్ పందెములు, వార్షికోత్సవము, తుదకు వీడ్కోలు సభ, ఇవియన్నియు కలిసిననే అది జీవితమగును. పెద్దవారమైన పిదప మనకు జ్ఞాపకముండునవియు హెచ్చుగా ఇవియే. అయితే వీనిలో చాల భాగము ఆఖరి గంట తరువాతనే జరుగును. ఆ వేళను గూర్చియే నేడు మేము ముచ్చటింపదలచితిమి.

అమెరికా దేశమున ఉన్నత పాఠశాల విడిచిపోవు విద్యార్థులకు సంవత్సరాంతమున ఒక నృత్యోత్సవము జరుగును. దానిని 'ప్రామ్' అందురు. పదిమంది యెదుట ఠీవిగా నడచుట అను అర్థము గల 'ప్రామినాడ్' అను మాటకిది కురుచరూపము. పందొమ్మిదవ శతాబ్దిలో అచటి కళాశాలలలో పుట్టిన ఈ వేడుక ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున ఉన్నత పాఠశాలలలో వ్యాపించినది. బాలబాలికలు జంటలుగా వచ్చుట అచటి వాడుక.

మన వీడ్కోలు సభ త్రోవ వేరు. తొమ్మిదవ తరగతి వారు తలా కొంత చందా వేసికొని పదవ తరగతి వారికి ఆతిథ్యమిత్తురు. మామిడాకుల తోరణములు, రంగు కాగితములు, ఒక లడ్డు, గుప్పెడు కారప్పూస, ఉపాధ్యాయుల హితవచనములు, గ్రూపు ఫొటో, ఇంతియే సంబరము. ఆనాడు తొలిసారి చీర కట్టిన బాలిక కుచ్చెళ్లు తొక్కుకొందునేమోయని అడుగులు లెక్కించుచు వచ్చును. అచట జంటలు, ఇచట తరగతి అంతయు ఒక్క కుటుంబము. అయినను రెంటి అర్థమొక్కటే: ఇక మీరు పెద్దవారైతిరని నలుగురి యెదుట చెప్పుట.

ఒకప్పుడు కోనసీమలో ఈ వీడ్కోలు మరింత బరువైనది. స్కూలు ఫైనలు ముగిసినవారు పై చదువునకు కాకినాడకో రాజమహేంద్రవరమునకో పోవలసియుండెను. 1951లో అమలాపురమున శ్రీ కోనసీమ భానోజీ రామర్స్ కళాశాల వెలసిన పిదప ఆ చదువు కొంత దగ్గరైనది.

ఇక క్విజ్ మాట. ఇది రేడియో ఒడిలో పెరిగిన బిడ్డ. 1948లో బి.బి.సి. వారు 'టాప్ ఆఫ్ ది ఫామ్' అను పేర పాఠశాల జట్లకు ప్రశ్నల పోటీ ప్రారంభించిరి. మన దేశమున 1967లో నీల్ ఓబ్రయన్ కలకత్తాలో బహిరంగ క్విజ్ నడిపి ఈ ఆటకు బాట వేసిరి. 1972లో మొదలైన బోర్న్‌వీటా క్విజ్ పోటీ రేడియోకెక్కి, హమీద్ సయానీ, ఆయన తరువాత తమ్ముడు అమీన్ సయానీ కంఠములతో ఇంటింట వినవచ్చెను.

మన అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు అడుగుదురు, ఒక్కరు చెప్పుదురు. క్విజ్‌లో అడుగువారొక్కరు, చెప్పువారు పలువురు. జట్టులో ఒకరికి గణితము వచ్చును, ఒకరికి చరిత్ర, ఒకరికి క్రికెట్టు. ప్రశ్న వినినంతనే తలలు దగ్గరకు చేర్చి గుసగుసలాడి, గంట మ్రోగులోపల ఒక్క సమాధానము చెప్పవలెను. చెప్పలేనిచో ప్రశ్న ప్రక్క జట్టునకు పోవును. "గౌతమికి, వసిష్ఠకు నడుమ కోనసీమలో పారు పాయ యేది?" అని అడిగిరనుకొందము. వైనతేయ యని ఒకడెరుగును, కాని చెప్పుటకు జంకును. రెండవవాడు వానికి ధైర్యమిచ్చును. మూడవవాడు తనకు తెలియదని ఒప్పుకొని ఊరకుండును. తెలియనిది తెలియదని సిగ్గుపడక చెప్పుట, తెలిసినవానిని నమ్ముట, ఈ రెండును ఆరు వందల మార్కుల పరీక్ష నేర్పునవి కావు. పరీక్షలో ప్రక్కవానిని అడుగుట తప్పు. ఇచట అడుగకుండుట తప్పు.

కొన్నేండ్ల క్రిందట పిల్లల కార్యక్రమము రికార్డు చేయుటకై మేము రాజోలు ప్రాంతమున ఒక పాఠశాలకు పోయితిమి. మూడు గంటలకు జరుగవలసిన పోటీ, మేము దారిలో జాగు చేయుటచే, నాలుగున్నరకు మొదలైనది. ఒక జట్టులోని బక్కపలుచని బాలుడు నదులను గూర్చియు, నక్షత్రములను గూర్చియు తడబడక చెప్పుచుండెను. జట్లు రెండును సమానముగా నిలిచినవి. తుది ప్రశ్న అడుగబోవు వేళకు ఆ బాలుడు లేచి నిలువబడి, "ఆఖరి పంటు ఎల్లిపోద్దండి" అని చెప్పి, సంచి భుజమున వేసికొని వెడలిపోయెను. ఆ జట్టు ఓడినది. మేము మైక్రోఫోను తీగలు చుట్టుకొనుచు ఒకరి మొగము నొకరు చూచుకొంటిమి. తప్పు వానిది కాదు. వాడు గడియారము చూచుకొనినాడు, మేము చూచుకొనలేదు.

ఏటికి వంతెన కట్టుట పెద్దల పని. ఎదుర్లంకలో 1951లో జన్మించిన జి.ఎం.సి. బాలయోగి చదువుకై చిన్ననాడే ఊరు విడిచి గుత్తెనదీవికి పోవలసివచ్చినది. ఆయనయే 1998లో లోక్‌సభ స్పీకరైరి. 2002లో హెలికాప్టరు ప్రమాదమున మరణించిరి. యానాము, ఎదుర్లంకల నడుమ గౌతమిపై నిలిచిన వంతెనకు ఆయన పేరే పెట్టిరి. ఇట్టి వంతెనలు వచ్చి చాలచోట్ల పంటు అవసరము తగ్గినది. అయినను అన్ని లంకలకు ఆ భాగ్యము లేదు. గోదావరికి వరద వచ్చి చాకలిపాలెము చెంత కనకాయలంక కాజ్‌వే మునిగిననాడు మరల పడవయే శరణ్యము.

వంతెన యున్నచోట గూడ మరియొక అడ్డు కలదు. పబ్లిక్ పరీక్షలు సమీపించిన కొలది ఆఖరి గంట తరువాతి వేళను ప్రత్యేక తరగతులు ఆక్రమించును. మార్కులు వలదని మేమనము. పేదయింటి బిడ్డకు మార్కులే వంతెన. కాని ఆ వంతెన దాటిన పిదప నలుగురిలో నిలిచి నోరు విప్పవలసియుండును. ఆ అభ్యాసము దగ్గరనున్నవారికే దక్కి, దూరమునుండి వచ్చువారికి దక్కకుండుట న్యాయము కాదు.

కావున వక్తృత్వమైనను, క్విజ్ అయినను, వీడ్కోలు సభయైనను ఆఖరి గంటకు ముందే జరుపుట మేలు. వారమునకొక పీరియడు చాలును. దీనికి ధనము పని లేదు. నల్లబల్ల, సుద్దముక్క, గడియారము చాలును. ప్రతి విద్యార్థియు తన ఊరిని గూర్చి రెండు ప్రశ్నలు వ్రాసి తేవలెను. వరదనీరు తీయుటకు ముందు కానవచ్చు గురుతులను గూర్చి లంక బాలుడు అడుగును. కొబ్బరిపీచు తాడగు విధమును గూర్చి మరియొక బాలిక అడుగును. అడుగుటకును తెలివి వలయునని అప్పుడు తెలియును.

గృహస్థులకు మా మనవి యొక్కటి. నేటి సాయంకాలము మీ బిడ్డ ఇంటికి ఆలస్యముగా వచ్చినచో, ఎందులకని గద్దించుటకు ముందు, "ఈ రోజు ఏమి ప్రశ్నలు అడిగినారు?" అని అడుగుడు. దాపున కూర్చుండి ఆ సమాధానము తుదివరకు వినుడు.