ఇల్లు లేస్తుంటే ఏం చూడాలి?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. చూడమన్నారే గాని, కట్టేటప్పుడు ఏం చూడాలో చెప్పలేదు! ఆదివారం పూట వెళ్లి, ఇది వంటిల్లు, ఇది పూజగది అని ముచ్చటపడి వచ్చేస్తాం. ముచ్చట ఉండవలసిందే. దాంతోపాటు తడి కూడా చూడాలి.

సిమెంటు ఆరితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. కాదండీ, నీటితో కలిసి గట్టిపడుతుంది. ఆ నీరు కాస్తా ఎండకు ఆవిరైపోతే ఆ పని సగంలోనే ఆగిపోతుంది. స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలపడం, పిల్లర్లకు గోనెపట్టాలు చుట్టి తడపడం అందుకే. మామూలు సిమెంటయితే కనీసం 7 రోజులు తడి ఆరకూడదు. బస్తా మీద పి.పి.సి. అని ఉంటే అది బూడిద కలిసిన సిమెంటు, దానికి 10 రోజులు. మన ఎండలకు 14 రోజులు తడిపితే మరీ మంచిది. మేస్త్రీ పొద్దున్నే ఒకసారి తడిపి "అయిందమ్మా" అంటాడు. మీరు మధ్యాహ్నం రెండింటికి వెళ్లి చెయ్యి వేసి చూడండి. స్లాబు కింద సెంట్రింగు కర్రలు మాత్రం ఇంజనీరు చెప్పందే కదపనివ్వకండి.

ఇక చుట్టుపక్కల సంగతి. నిజానికి ఈ తిరుగుడు బేసుమట్టం కట్టకముందే మొదలుపెట్టాలి. గోడ పగిలితే బాగుచేయించుకోవచ్చు, నేల పల్లాన్ని ఏం చేస్తాం? హైదరాబాదులో మాసాబ్ ట్యాంక్ ఉంది. చెరువు పోయింది, పేరు మిగిలింది. కుంట, చెరువు అన్న పేర్లు వినబడితే కాస్త ఆగి అడగండి. 2020 అక్టోబరు వానలకు ఆ ఊళ్లోనే చెరువుల కింద, నాలాల వెంట ఉన్న కాలనీల్లో నీళ్లు రోజుల తరబడి నిలిచిపోయాయి.

పాత ఇళ్ల ప్రహరీల మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో చూడండి. గుమ్మాలకు మెట్లెన్ని కట్టుకున్నారో లెక్కపెట్టండి. ఇస్త్రీబండి అతన్ని, పాలమ్మే ఆవిణ్ణి అడిగితే ప్లాటు అమ్మినాయన దాచిన కబుర్లన్నీ చెబుతారు! జోరుగా వాన కురిసి వెలిసిన వెంటనే గొడుగేసుకుని ఒకసారి వెళ్లి, నీళ్లు ఎటు పారుతున్నాయో చూడండి. బేసుమట్టం ఎత్తు అప్పుడు తేల్చుకోవచ్చు. రోడ్డు కొత్తగా వేసినప్పుడల్లా కాస్త ఎత్తు పెరుగుతూనే ఉంటుంది; దాన్ని కూడా కలుపుకొమ్మని మేస్త్రీకి చెప్పండి.