కింద ఉండ కడితే పైన చూడాలి

జాకెట్టు పక్క కుట్టు పూర్తయింది. పైనుంచి చూస్తే గీత గీసినట్టే ఉంది. బట్ట తిరగేస్తే మాత్రం దారం ఉండలు ఉండలుగా చుట్టుకుపోయి ఉంది. ఇంట్లో మిషన్ ఉన్నవాళ్ళకి ఏదో ఒకరోజు ఎదురయ్యే ఇబ్బందే ఇది. అప్పుడు చాలామంది కింది దారం చుట్టిన బాబిన్ కేసు బయటికి తీసి, దాని మీదున్న చిన్న స్క్రూ బిగిస్తారు. చెడింది కింద కాబట్టి బాగుచేయాల్సిందీ కిందే అనుకుంటాం.

పదో తరగతి సెలవుల్లో అమ్మ మిషన్ మీద నేను చేసిందీ ఇదే. ఒకసారి బిగించాను, తగ్గలేదు. ఇంకాస్త బిగించాను. చివరికి కింది దారం లాగితే రానంత అయింది, బట్టంతా ముడతలు పడింది. అమ్మ వచ్చి చూసి, "స్క్రూ ఎంత తిప్పావే?" అని అడిగి, తిప్పినంతా వెనక్కి తిప్పింది. తర్వాత కింది వైపు చెయ్యే పెట్టలేదు. బట్టను నొక్కి పట్టే ఫుట్టు పైకెత్తి, పైదారం మొత్తం లాగేసి, రీలు దగ్గర నుంచి మళ్ళీ ఎక్కించింది. ఉండలు మాయమయ్యాయి. "కింద కనపడేది పైదాని తప్పే" అని లేచి వెళ్ళిపోయింది. ఎందుకలా అన్నదో తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. తెలిశాక మిషన్ మీద భయం పోయింది. అందుకే ఆ సంగతి మొదటి నుంచీ చెబుతాను.

చేతికుట్టులో దారం ఒక్కటే. సూది బట్టలోంచి పూర్తిగా అవతలికి పోతుంది, వెనకున్న బెజ్జంలోని దారాన్ని కొసదాకా లాక్కుపోతుంది. మిషన్ సూదిని గట్టిగా బిగించి ఉంచుతారు కాబట్టి అది అవతలికి పోలేదు, దిగిన దారినే పైకి రావాలి. అందుకే దాని బెజ్జం మొన దగ్గర ఉంటుంది. ఈ చిక్కు విప్పడానికి చాలా కాలం పట్టింది. 1790లో ఇంగ్లండులో థామస్ సెయింట్ కుట్టు యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1830లో ఫ్రాన్సులో బార్తెలెమీ తిమోనియే ఒకే దారంతో గొలుసు కుట్టు వేసే యంత్రం చేశాడు. దానితో సైన్యానికి దుస్తులు కుట్టిస్తుంటే, బతుకుతెరువు పోతుందని పారిస్ దర్జీలు మరుసటి ఏడాది ఆ యంత్రాలను పగలగొట్టారు. గొలుసు కుట్టు మనకి కొత్తేం కాదు, బియ్యం బస్తా మూతికి వేసేది అదే. సరైన కొస దొరకబుచ్చుకుని లాగితే ఆ చివరి దాకా ఒక్క ఊపున జర్రున ఊడొస్తుంది. బస్తాకి అది సుఖమే గానీ చొక్కా భుజానికి పనికిరాదు.

ఊడని కుట్టు కావాలంటే రెండు దారాలు ఉండాలి, ఒకదాన్నొకటి మెలేసుకోవాలి. అమెరికాలో వాల్టర్ హంట్ 1830లలోనే ఇలాంటి యంత్రం చేశాడు గానీ పేటెంటు తీసుకోలేదు. బట్టలు కుట్టి బతికే ఆడవాళ్ళ పని పోతుందని అతని కూతురు వద్దందని చెప్పుకుంటారు. చివరికి 1846 సెప్టెంబరు 10న ఎలియాస్ హోవ్‌కి ఆ పేటెంటు దక్కింది. 1851లో ఐజాక్ సింగర్ వచ్చాడు. అతని కంపెనీ మిషన్‌ను ఇళ్ళలోకి తెచ్చింది. యంత్రాల విషయంలో అంత పట్టింపు ఉన్న గాంధీజీ కూడా 1924లో ఒక సంభాషణలో సింగర్ మిషన్‌ను మినహాయించి మెచ్చుకున్నారు. మన దేశంలో 1930లలో కలకత్తాలో ఉషా మిషన్ల తయారీ మొదలైంది. మన ఇళ్ళలోని నల్ల మిషన్లు చాలామటుకు లోపల సింగర్ 15వ రకం అమరికతోనే ఉంటాయి. వాటిలో ఏ కంపెనీ మిషన్‌కైనా బజారులో ఒకే రకం సూదీ, ఒకే రకం బాబినూ సరిపోవడానికి కారణం అదే.

ఇక అసలు ప్రశ్న. రెండు దారాలు మెలిక పడాలంటే ఒకదాని కొస రెండోదాని ఉచ్చులోంచి దూరి రావాలి. పైదారం కొస రీలు దగ్గర ఉంది, కింది దారం కొస బాబిన్ లోపల ఉంది. కొస లేకుండా మెలిక ఎలా పడుతుంది? కింది దారం కొస దూరదు, బాబిన్ మొత్తమే పైదారపు ఉచ్చులోంచి దూరి వస్తుంది. ప్రతి కుట్టుకీ ఒకసారి.

నమ్మకం కుదరకపోతే పగటి వెలుతురులో ఒకసారి మీరే చూడండి. ఫుట్టు కింద బట్ట ముక్క పెట్టి, సూది పక్కనున్న జారుడు రేకు తెరిచి, చేతి చక్రాన్ని మీ వైపుకి మెల్లగా తిప్పండి. సూది అట్టడుగుకి దిగుతుంది. తర్వాత రెండు, రెండున్నర మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. కుట్టు తలరాత తేలేది ఆ కాస్త దూరంలోనే. సూదికి ఒక పక్క నిలువునా గాడి ఉంటుంది. ఆ పక్క దారం గాడిలో ఒదిగిపోతుంది, బట్ట దాన్ని పట్టుకోలేదు, సూదితోపాటు హాయిగా పైకి పోతుంది. రెండో పక్క గాడి లేదు. అక్కడ దారాన్ని బట్ట రాపిడి ఆపేస్తుంది. పైకి పోయే దారి లేక దారం పక్కకి ఉబ్బి చిన్న ఉచ్చు అవుతుంది. సరిగ్గా ఆ క్షణానికి, బాబిన్ కేసు చుట్టూ తిరిగే షటిల్ ముక్కు సూదిని వెంట్రుకవాసిలో రాసుకుంటూ వచ్చి ఆ ఉచ్చులో దూరుతుంది. దాన్ని పెద్దది చేసి బాబిన్ కేసు మీదుగా చుట్టూ తిప్పి అవతలికి వదిలేస్తుంది. బాబిన్ కేసు తిరక్కుండా ఆపే చిన్న కొమ్ము ఉంటుంది గానీ కేసు దేనికీ బిగించి ఉండదు. చుట్టూ దారం జారిపోయేంత సందు ఉంటుంది. తలుపు వేసే ఉంది, దారం మాత్రం సందులోంచి నడిచి వెళ్ళింది. ఎన్నిసార్లు చూసినా నాకు ఇది చూడముచ్చటే.

ఈ సంగతి తెలిస్తే సూది ఎలా పెట్టాలో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంటి మిషన్ సూది పైభాగం ఒక పక్క చదునుగా ఉంటుంది. ఆ చదును షటిల్ ముక్కు వచ్చే పక్కకి ఉండాలి, గాడి దానికి ఎదురు పక్కకి. దారం గాడి పక్క నుంచి ఎక్కించాలి. సూదిని లోపలికి ఆనేదాకా తోసి స్క్రూ బిగించాలి. ఒక మిల్లీమీటరు కిందికి జారినా ఉచ్చు ఒకచోట, ముక్కు ఇంకోచోట అవుతాయి, కుట్టు తప్పుతుంది. మొన మొద్దుబారినా అంతే. సూది పైకొచ్చేటప్పుడు బట్ట కూడా దానితోపాటు లేస్తే రాపిడి దారాన్ని ఆపలేదు, ఉచ్చు పడదు. సాగే బనియను గుడ్డ మీద కుట్లు తప్పడానికి కారణం ఇదే, దానికి మొన గుండ్రంగా ఉండే వేరే సూది దొరుకుతుంది. మామూలు సూదుల మీద 14/90 లాంటి రెండు అంకెలుంటాయి. 90 అంటే సూది మందం మిల్లీమీటరులో వందకి 90 పాళ్ళు, అంటే 0.9 మిల్లీమీటరు. మంగళగిరి నూలుకి, లైనింగుకి 14 బాగుంటుంది, పల్చటి పట్టుకి 9 గానీ 11 గానీ, జీన్సుకి 16 గానీ 18 గానీ. కుట్టు తప్పుతోందని మెకానిక్‌ని పిలిచే ముందు కొత్త సూది ఒకటి మార్చి చూడండి.

ఇప్పుడు అమ్మ మాట దగ్గరికి వద్దాం. బాబిన్‌ని చుట్టి రావడానికి పైదారం ఎంత కావాలి? వేలెడు పొడవు. కుట్టులో మిగిలిపోయేది మాత్రం రెండు మూడు మిల్లీమీటర్లే. మిగతాదంతా వెనక్కి లాగాలి. మిషన్ ముందు వైపు పైకీ కిందికీ ఊగే మీట పని అదే. ఉచ్చు బాబిన్‌ని దాటగానే అది పైకి లేచి దారాన్ని లాగుతుంది, మెలికను బట్ట మందం మధ్యలోకి తెచ్చి బిగిస్తుంది. ఇలా వెనకా ముందూ లాగడంలో దారంలోని ప్రతి ముక్కా బట్టలో కుదురుకునే లోపల సూది బెజ్జంలోంచి ఇరవై సార్లకి పైనే వెళ్ళొస్తుంది. నాసిరకం దారం పీచు లేచి తెగిపోతుందంటే ఆశ్చర్యం లేదు.

ఆ మీట లాగినప్పుడు దారం కింది నుంచే రావాలి, రీలు వైపు నుంచి వదులుగా రాకూడదు. ఆ అడ్డు వేసేవి టెన్షన్ ప్లేట్లు. స్ప్రింగు నొక్కి పట్టిన రెండు గుండ్రటి బిళ్ళలు, మధ్యలో దారం. ఫుట్టు ఎత్తితే ఆ బిళ్ళలు విడతాయి, దించితే మూసుకుంటాయి. ఫుట్టు దించి ఉంచి దారం ఎక్కిస్తే అది మూసిన బిళ్ళల మధ్యకి వెళ్ళదు, అంచు మీదే ఆగిపోతుంది. చూడటానికి అంతా సవ్యంగానే ఉంటుంది. మీట లాగగానే మాత్రం రీలు నుంచి దారం సులువుగా వచ్చేస్తుంది. కింద బాబిన్ చుట్టూ తిరిగిన పెద్ద ఉచ్చును లాగేవాళ్ళే ఉండరు. అది అక్కడే వేలాడుతుంది. తర్వాతి కుట్టుది దాని మీద, దాని తర్వాతది ఇంకా పైన. అదే ఉండ. కింద పోగుపడిందంతా పైదారమే, బాబిన్ దారానికి అందులో పాపం లేదు.

పై దారం ఒక రంగు, కింది దారం ఒక రంగు వేసి చూస్తే ఇది కళ్ళకి కడుతుంది. పైన ఎర్రది, కింద తెల్లది పెట్టి, మీరు కుట్టబోయే బట్ట ముక్కనే రెండు మడతలు వేసి జానెడు కుట్టండి. బట్ట పైన తెల్ల చుక్కలు పొడుచుకొస్తుంటే పైదారం మరీ బిగువు. కింద ఎర్ర చుక్కలు కనపడితే పైది వదులు. పైన ఎరుపే, కింద తెలుపే కనపడితే మెలిక మధ్యలో కుదిరినట్టు. ఏదైనా ఒక దారం అల్లిక లేకుండా తిన్నగా గీతలా పడి ఉంటే ఆ బట్టని కుట్టు వెంట సాగదీయండి, పుటుక్కున తెగుతుంది. వేసుకున్నాక చంక దగ్గర తెగే జాకెట్టు ముందే ఇలా చెబుతుంది. పైన టెన్షన్ మరను పావు చుట్టు తిప్పి మళ్ళీ కుట్టి చూడండి, ఒకేసారి ఎక్కువ తిప్పొద్దు. బాబిన్ కేసు సంగతి తేల్చడానికి దాన్ని దారంతో పట్టుకుని వేలాడదీయండి. తన బరువుకి తాను జారకూడదు, చెయ్యి చిన్నగా విదిలిస్తే కాస్త జారి ఆగాలి. అలా ఉంటే కింది స్క్రూ జోలికి అస్సలు వెళ్ళొద్దు.

బట్టని జరిపే పని మీది కాదు, ఫుట్టు కిందున్న పళ్ళది. 1854లో అలెన్ విల్సన్ పేటెంటు తీసుకున్న ఏర్పాటు అది. పళ్ళు పైకి లేస్తాయి, బట్టను ఒక కుట్టు మేర వెనక్కి జరుపుతాయి, కిందికి దిగుతాయి, ఖాళీగా ముందుకి వస్తాయి. సూది బట్టలో దిగి ఉన్నంతసేపూ బట్ట కదలదు. వెనక నుంచి మనం లాగితే ఆ లెక్క తప్పుతుంది. సూది వంగి రేకుకి తగిలి విరుగుతుంది. చేతులు దారి చూపితే చాలు. కుట్టు పొడవు రెండున్నర మిల్లీమీటర్లకి పెట్టుకుంటే అంగుళానికి పది కుట్లు వస్తాయి, మామూలు నూలుకి అది చక్కగా సరిపోతుంది.

కాలి మిషన్ నేర్చుకునేవాళ్ళని ఏడిపించేది తొక్కుడు. మొదలుపెడితే చక్రం వెనక్కి తిరుగుతుంది, లేదా కదలనే కదలదు. తొక్కుడు పలక నుంచి పెద్ద చక్రానికి పోయే కడ్డీ పూర్తిగా పైనో కిందో ఉన్నప్పుడు ఎంత తొక్కినా ఆ బలం ఇరుసు మీదే పడుతుంది, చక్రం తిరగదు. సైకిలు పెడలు నిట్టనిలువుగా ఉన్నప్పుడు తొక్కి చూసినవాళ్ళకి ఇది తెలుసు. అందుకే ముందు చేత్తో చక్రాన్ని మీ వైపుకి ఒక ఊపు ఊపాలి, తర్వాత కాలు అందుకోవాలి. ఒకసారి తిరగడం మొదలైతే ఆ ఇనప చక్రం బరువే కదలని చోట్లను దాటించేస్తుంది. అది వెనక్కి తిరిగితే షటిల్ కూడా వెనక్కి పోయి దారం చిక్కుపడుతుంది. కుట్టు నేర్పేచోట మొదటి రోజుల్లో దారం లేకుండా గీతల కాగితం మీద కుట్టిస్తారు. నాకు నచ్చిన పద్ధతి అది. కాగితం మీద బెజ్జాలు గీత తప్పకుండా పడ్డాయంటే కాలూ చెయ్యీ ఒక మాట మీదకి వచ్చినట్టే.

ఇక నూనె. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వేస్తారు. చలికాలం పొద్దున్నే సీసాలో అది గడ్డకట్టి ఉండటం చూస్తూనే ఉంటాం. మిషన్ లోపలా అదే జరుగుతుంది. పైగా కొన్నాళ్ళకి జిగురులా మారి దుమ్మును పట్టేస్తుంది. మిషన్ నూనె నీళ్ళలా పల్చగా ఉండాలి, ఒక్కో కన్నానికి ఒక్కో చుక్క చాలు. వేసే ముందు సూది కింది రేకు విప్పి పళ్ళ మధ్య ఇరుక్కున్న నూగును కుంచెతో తీసేయండి. షటిల్ తిరిగే గాడిలోనూ అంతే. నూలు బట్టలు ఎక్కువ కుట్టే ఇంట్లో అక్కడ దూది పరుపులా పేరుకుని ఉంటుంది. నూనె వేశాక దారం లేకుండా కాసేపు ఆడించి, పాత బట్ట ముక్క ఒకటి ఫుట్టు కింద పెట్టి, సూది దించి రాత్రంతా వదిలేయండి. మిగిలిన నూనెను ఆ ముక్క పీల్చుకుంటుంది. పొద్దున్నే దాని మీదే నాలుగు కుట్లు వేసి చూసి, మరక పడకపోతే తెల్లబట్ట పెట్టొచ్చు.