నాలుగు చుక్కలతో గీత గీయొచ్చా?

ప్యారడైజ్ పక్కన పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. ల్యాప్‌టాప్ స్క్రీన్ పగిలితే జంటనగరాల జనం పరుగెత్తేది అక్కడికే. పాత ఎల్‌సీడీ తెర మీద అంటించిన పల్చటి పొరను ఒలిచి చూడండి. వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది, బొమ్మ మాత్రం మాయమై తెరంతా తెల్లబడుతుంది. ఒలిచిన ముక్కను కళ్లకు అడ్డం పెట్టుకుని అటూ ఇటూ తిప్పితే, ఒక వాటంలో బొమ్మ మళ్లీ కనిపిస్తుంది.

ఆ పొరే పోలరైజర్. పాలీవినైల్ ఆల్కహాల్ ఫిల్మ్‌ను నీళ్లలో ఉబ్బించి, అయోడిన్ పట్టించి, కొన్ని రెట్లు సాగదీస్తారు. అణువులన్నీ ఒకే దిక్కుకు బారులు తీరుతాయి. ఫిల్మ్ సరైనది కాకపోతే సాగదీతకు తట్టుకోదు.

సరైన ఫిల్మ్ అంటే ఏది? జపాన్‌కు చెందిన నిప్పన్ సింథటిక్ కెమికల్ దీనికి ఒక లెక్క చెప్పి పేటెంట్ తీసుకుంది. ఫిల్మ్ వేడినీళ్లలో పూర్తిగా కరిగే ఉష్ణోగ్రత ఎక్స్. నీళ్లలో అది ఎంత ఉబ్బుతుందన్నది వై. ఎక్స్ 65 డిగ్రీలకు తగ్గకూడదు. ఎక్స్‌ను 0.0667తో గుణించి, వచ్చినదాన్ని 6.73లోంచి తీసేస్తే మిగిలే అంకె కంటే వై ఎక్కువ ఉండాలి. అంటే గ్రాఫు మీద ఒక ఏటవాలు గీత గీసి, దానికి పైనున్న జాగా అంతా మాదే అన్నారన్నమాట.

అంత జాగాకు చూపిన రుజువేమిటి? బాగా వచ్చిన ఫిల్ములు రెండు, రానివి రెండు. గ్రాఫు మీద నాలుగు చుక్కలు, అంతే! పేటెంట్ ఆఫీసు పేటెంట్ రద్దు చేసింది. కంపెనీ కోర్టుకెక్కింది. 2005 ఏప్రిల్‌లో టోక్యోలో ఏర్పడిన మేధా సంపత్తి హైకోర్టులో, అయిదుగురు జడ్జిల విస్తృత ధర్మాసనం అదే ఏడాది నవంబర్ 11న ఆ రద్దునే ఖాయం చేసింది. ఆ నాలుగు చుక్కల మధ్య ఈ గీతే కాదు, ఇంకెన్నో గీతలు గీయొచ్చు కదా అన్నది కోర్టు మాట. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది గానీ, పేటెంటు వ్యవహారంలో అది చెల్లదు.

దరఖాస్తు వేశాక చేసిన ప్రయోగాల ఫలితాలు తెచ్చినా కోర్టు ఒప్పుకోలేదు. ఇది కాస్త కఠినంగానే కనిపిస్తుంది. కానీ న్యాయమే అనుకుంటాను. ముందు జాగా ఆక్రమించి, పట్టా కాగితాలు తీరిగ్గా తెస్తామంటే పక్కవాడి గతేమిటి?

ఎల్‌సీడీ తెరల్లో గాజుకు బదులు వాడే రెజిన్ పలకల నునుపు మీద పేటెంట్ అడిగినా ఇదే చిక్కు. రెండు పలకల మధ్య ద్రవస్ఫటికం (లిక్విడ్ క్రిస్టల్) ఉండే సందు కొన్ని మైక్రాన్లే. పలక నున్నగా ఉండాలని ఎవరికైనా తెలుసు. ఎంత నునుపు, దాన్ని ఎలా సాధించాలి అన్నది దరఖాస్తులోనే రాయాలి.

మన 1970 పేటెంట్ చట్టం 10వ సెక్షన్ కూడా, అడిగే హక్కు దరఖాస్తులో వెల్లడించిన దానికి తగ్గట్టే ఉండాలంటుంది. వివరణ చాలదని పేటెంట్ ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. కాకపోతే 2024 నిబంధనలతో దానికి ఫీజు వచ్చింది, అభ్యంతరం విచారణకు తగినదేనా అని కంట్రోలర్ ముందుగా చూస్తారు. ఇచ్చేశాక అయితే ఏడాది గడువు, అదీ ఆ వ్యవహారంతో సంబంధం ఉన్నవాళ్లకే.