చలికాలపు గోదావరిలో బెండుగాలము

శ్రావణ భాద్రపదములలో గోదావరిని చూచినవారు పుష్యమాసమున మరల చూచినచో ఇది ఆ నదియేనా యని సందేహింతురు. ఎర్రని మట్టినీటితో గట్లను ఒరసికొని పరుగెత్తిన ప్రవాహము కార్తికము దాటునప్పటికి తేటపడును. ఇసుకతిన్నెలు, లంకల అంచులు బయటపడును. పాయలుగా చీలిన నీరు ఒక మడుగునుండి మరియొక మడుగునకు తొందర లేక సాగును.

వరదకాలము వలలది. పులస సముద్రమును విడిచి ఏటికి ఎదురీదునది ఆ దినములలోనే. చలికాలము గాలమునకు తగినది. అందును బెండు కట్టిన గాలమునకు.

ఈ వేటకు కావలసిన సామగ్రి బహుస్వల్పము. ఒక వెదురుకర్ర, సన్నని దారము, గాలపుముల్లు, ఒకటి రెండు సీసపుగుండ్లు, నీటిపై తేలుటకు ఒక బెండు. పూర్వము జీలుగబెండును కోసి వాడెడివారు. నెమలియీక కాడయు ఇందులకు మిక్కిలి అనువైనది. తేలికయైనది, నిటారుగా నిలుచునది. ఇంగ్లండు దేశపు వేటగాండ్రు సహితము నెమలికాడను చిరకాలము వాడుకొనిరి. నేడు ప్లాస్టిక్కు బెండ్లు, నైలాను దారములు వచ్చినవి. పరికరము మారినను పని మారలేదు.

బెండు చేయు పనులు రెండు. చేప తాకిన వార్తను పైకి తెలుపుట ఒకటి. ఎరను కోరిన లోతున నిలుపుట రెండవది. ఈ రెండవదానిని సామాన్యముగా ఎవరును గమనింపరు గాని, నేర్పంతయు అందే యున్నది. బొచ్చెచేప నోరు పైకి తిరిగియుండును. అది పైనీటిలో మేయును. శీలావతి నడుమ నీటిలో తిరుగును. ఎర్రమోసు అడుగున బురదను వెదకును. కనుక దారముపై బెండును జానెడు పైకో క్రిందికో జరుపుటయనగా ఒక చేపను విడిచి మరియొక చేపను పలుకరించుట యన్నమాట.

చేప శరీరమునకు సొంత వేడి లేదు. నీరు చల్లబడిన కొలది దాని దేహవ్యాపారములు మందగించును, ఆకలి తగ్గును. నీరు 14 డిగ్రీల సెల్సియస్‌కంటె చల్లబడినచో శీలావతి వంటి చేపకు గిట్టదందురు. మన కోస్తా గోదావరికి అంతటి చలి రాదు. అయినను మంచు కురియు ధనుర్మాసపు వేకువలలో చేపలు లోతైన మడుగులను ఆశ్రయించి కదలక యుండును. కనుక వేసవిలో వలె తెల్లవారకముందే గట్టు చేరినవానికి చలి తప్ప మరేమియు దక్కదు. ఎండ నీటికి ఎక్కిన పిదప, జాము ప్రొద్దు దాటి, అపరాహ్ణము వరకు వేటకు మంచి సమయము. ఎర చిన్నదిగా ఉండవలెను. దారము సన్ననిదిగా ఉండవలెను. నీరు తేటగా ఉన్నందున మన నీడ దానిమీద పడరాదు. గట్టుపై అడుగుల చప్పుడు సైతము చేప తన పార్శ్వరేఖతో పసికట్టగలదు. లోకము కొంగజపమని యెగతాళి చేయును గాని, కొంగకున్న నిలుకడ లేనివానికి ఈ విద్య అబ్బదు.

ఇక బెండు చెప్పు భాష. పరిగెపిల్లలు ఎరను కొరుకునప్పుడు బెండు టుకటుకలాడును. అప్పుడు కర్ర ఎత్తినవానికి బోడి ముల్లే మిగులును. జెల్ల తగిలినప్పుడు బెండును క్రిందికి లాగికొని పోవును. ఎర్రమోసు అడుగునుండి ఎరను, దానితో సీసపుగుండును ఎత్తినప్పుడు బెండు మునుగుటకు మారుగా పైకి లేచి వాలిపోవును. క్రొత్తవాడు దానిని చూచి గాలియనుకొనును. అనుభవజ్ఞుడు చేయి విదుపును.

ఇది నిన్న మొన్న పుట్టిన వినోదము కాదు. పశ్చిమచాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున సంస్కృతమున రచించిన ‘మానసోల్లాసము’లో ‘మత్స్యవినోద’మను ప్రకరణము కలదు. గాలమువేటకు తగిన కర్ర, దారము, చేపలకు పెట్టవలసిన ఎర మున్నగు విషయములను ఆ రాజు ఓపికతో వివరించెను. మత్స్యశాస్త్రజ్ఞుడు సుందర్‌లాల్ హోరా 1951లో దానిపై ఒక వ్యాసము ప్రకటించెను.

అయితే రాజుల వినోదముకన్న నేడు ఆలోచింపవలసినది వేరొకటి కలదు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు గ్రుడ్లు పెట్టునది వానకాలపు క్రొత్తనీటిలో. ఒక్కొక్క తల్లిచేప లక్షల గ్రుడ్లు విడుచును. ఆ తల్లిచేపలన్నియు చలికాలమున, పిదప వేసవిలో, తరిగిన నీటిలో కొద్దిపాటి మడుగులందే తలదాచుకొనును. కనుక ఆ మడుగు రాబోవు ఏటి విత్తనపుగాదె. బెండుగాలము ఆ గాదెనుండి ఒక గింజను తీయును. చిన్నదైనచో తడిచేతితో మరల నీట విడుచుటకు వీలిచ్చును. మందుగుండు పేల్చినవాడు, విషము కలిపినవాడు గాదెనే తగులబెట్టును. ఈ రెండింటిని 1897నాటి భారత మత్స్యచట్టమే నేరములుగా నిర్ణయించినది. చట్టము వ్రాసి నూరేండ్లు దాటినను, మడుగువద్ద కాపలా యుండునది చట్టము కాదు, గట్టుమీది మనిషి.

చెరువులలో చేపలు పుష్కలముగా పెరుగుచుండగా నదిచేప తరిగిన నష్టమేమని కొందరు ప్రశ్నింపవచ్చును. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి సూదిమందుతో చేపలచేత గ్రుడ్లు పెట్టించుటలో కృతకృత్యుడైన పిదప చెరువుసేద్యము విస్తరించిన మాట నిజమే. కాని చెరువునకు యజమాని యుండును. చెరువు కొనజాలని పల్లెకారునికి ఏరే చెరువు, ఏరే చేను. అతని పడవకు దక్కవలసిన చేప ఈ మడుగులలోనే బ్రతికి బయటపడవలెను.

శివరాత్రికి చలి శివశివా యని పోవునందురు. చలి పోయినను తల్లిచేపకు గండము గడవదు. ఎండలకు నీరు ఇంకను తరుగును, మడుగులు ఇంకను కుదించుకొనిపోవును. ఆషాఢపు క్రొత్తనీరు వచ్చువరకు అది బ్రతికియున్ననే మరుసటి పుష్యమున బెండుక్రింద చేప యుండును.