యంత్రం ఎన్నుకొనే ప్రభుత్వం

రాజు పాలన మేలా, ప్రజల పాలన మేలా అని ఒక యంత్రాన్ని అడిగితే ఏం చెబుతుంది?

డెన్మార్కు దేశంలో, ఆర్హస్ విశ్వవిద్యాలయానికి చెందిన ముగ్గురు విద్యార్థులు 1996లో "ఫ్రీసివ్" అనే కంప్యూటర్ ఆటను విడుదల చేశారు. ఇందులో నగరాలు కట్టి రాజ్యమేలాలి. మనకు పోటీగా కంప్యూటరు కూడా ఆడుతుంది.

అది ప్రభుత్వాన్ని ఎలా ఎన్నుకొంటుందో తెలుసా? ఒక్కొక్క పాలననూ లోలోపలే అమలుపెట్టి చూస్తుంది. రాచరికమైతే తన నగరాలకు ధాన్యమెంత, ధనమెంత, విజ్ఞానమెంత? ప్రజాస్వామ్యమైతే ఎంత? అన్నీ కూడుతుంది. ఒక పాలనకు ఇంకా నేర్వవలసిన విద్యలుంటే, అవి ఎన్ని ఉంటే దాని విలువను అంత తగ్గిస్తుంది. చివరకు ఏ మొత్తం పెద్దదో దానినే కోరుకుంటుంది.

ఈ ఆటలో పాలనల నియమాలు మామూలు అక్షరాల్లో రాసిన ఫైళ్ళలో ఉంటాయి. ఎవరైనా వాటిని మార్చవచ్చు, కొత్త పాలనను చేర్చవచ్చు. అప్పుడూ కంప్యూటరు పేరు చూసి మోసపోదు. కొత్త నియమాలతో మళ్ళీ లెక్క కడుతుంది.

అయితే, లెక్కలో చేర్చనిది దానికి కనబడదు. న్యాయానికి ఎన్ని మార్కులు వేయాలి? స్వేచ్ఛకు ఎన్ని? అది చెప్పవలసింది మనుషులే కదూ!